తాళం ఉంది, తలుపు లేదు

జూన్ 16

మరదలికి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉన్నావని అనుకుని నేరుగా విషయానికి వస్తున్నాను.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకోవడానికి చోటు లేదు. ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లూ. అన్ని తలుపులూ పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంటాయి. తెరిచేది నీ మొగుడే. నేను వంటింట్లో గుసగుసలాడినా వీధి గుమ్మంలో కూర్చున్నవాడికి వినబడుతుంది. "నా గురించేనా అక్కా?" అంటాడు. కాదంటే అబద్ధం, అవునంటే లేచి వెళ్ళిపోతాడు. అందుకని బడి ఆఫీసులో, మధ్యాహ్నం గంట కొట్టాక, నా తాళాల బోర్డు కింద కూర్చుని రాస్తున్నాను. నా చదువు హైస్కూలుతో ఆగిపోయింది కాబట్టి తప్పులుంటే నీలో నువ్వే నవ్వుకో.

వాడు మా బడిలో కాపలా ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. ఆ ఉద్యోగం ఎలా పుట్టిందో నీకు చెప్పి ఉండడు. పోయిన ఏడాది చివర్లో ఎవరో పెద్దమనిషి గేటు దాటి లోపలికొచ్చి, ఎనిమిదో తరగతి వెనక బల్ల మీద కూర్చుని, లెక్కల పాఠం మొత్తం విని, లేచి వెళ్ళిపోయాడు. టీచరు ఆయన్ని తనిఖీ అధికారి అనుకుంది. పిల్లలు టీచరుగారి మామగారనుకున్నారు. మా పాత వాచ్‌మన్ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కూడా నమస్కారం పెట్టాడు. ఆయనెవరో ఇప్పటికీ తెలియదు. ఎవరికీ ఏ హానీ జరగలేదు గాని, కమిటీవాళ్ళకి మాత్రం గుండె జారిపోయింది. ఇకమీదట గేటు దగ్గర మామూలు మనుషులు పనికిరారని, సైన్యంలోనో ఫైరు సర్వీసులోనో అంబులెన్సులోనో చేసి వచ్చినవాళ్ళని పెట్టాలని తీర్మానించారు. ఆపదంటే ఏమిటో చూసినవాళ్ళు కంగారు పడరు అని వాళ్ళ ఆలోచన. ఇద్దరిని మూడు నెలలు పెట్టి చూస్తారు, తర్వాత ఒకరినే ఉంచుకుంటారు. ఆ నోటీసు బోర్డుకి అంటించింది నేనే. అంటించిన చేత్తోనే తమ్ముడికి ఫోన్ చేశాను.

రెండో ఆయన ఇరవై ఆరేళ్ళు సైన్యంలో చేసి వచ్చాడు. ఆయన కంగారు పడడు. ఫైరు సర్వీసులో చేసిన మనవాడూ పడడు. ఆ కంగారంతా నాకు వచ్చి పడింది.

సంగతేమిటంటే, సైనికుడికి తెరిచి ఉన్న తలుపంటే పడదు. మనవాడికి మూసి ఉన్న తలుపంటే పడదు. మా వరండా చివర పెద్ద హాలు ఉంది. దాని వెనక, ఆటస్థలంలోకి ఒక తలుపు. పొద్దున ఎనిమిదికి సైనికుడొచ్చి "అమ్మా, పద్నాలుగు" అంటాడు. పద్నాలుగో మేకుకున్న తాళం తీసిస్తాను. వెళ్ళి ఆ తలుపుకి వేసి, చెవి తెచ్చి నాకిస్తాడు. ఎనిమిదింపావుకి తమ్ముడొచ్చి "అక్కా, పద్నాలుగు" అంటాడు. చెవి ఇస్తాను. వెళ్ళి తీసేస్తాడు. ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోరు. రోజుకి ఆరుసార్లు ఇదే తంతు. పిల్లలు అప్పుడే పేర్లు పెట్టేశారు. ఆయన తాళం సార్, మనవాడు తలుపు సార్.

ఇంట్లో వాడు మొదటి వారంలోనే స్నానాల గది గడియ విప్పేశాడు. లోపల మనిషి ఉన్నట్టు తెలియాలి కదా, నేను ప్రార్థన పాటలు పాడుకుంటూ స్నానం చేస్తున్నాను. ఆ చోట ఆ పాటలు పాడటం తగునా అని మొదట్లో బాధపడ్డాను. దేవుడికి మా ఇంటి పరిస్థితి తెలుసు. ఇంకోటి, దేవుడి పటం ముందు దీపం పెట్టి నేను వంటింట్లోకి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఆర్పేసి ఉంటుంది. "మంట దగ్గర మనిషి ఉండాలక్కా" అంటాడు.

మీ ఇద్దరి మధ్య ఏమైందో నేనడగను. చెబితే మాత్రం చదువుతాను.

వాడు నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

ఇట్లు, నీ వదిన


జూన్ 24

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వాను. స్నానాల గదిలో పాటలట! ఇక్కడ నేను అంత భక్తురాలిని కాను కాబట్టి బస్సుల పేర్లు చదివేదాన్ని. పొద్దంతా బస్టాండు మైకులో చదివేవే కదా, నోటికొచ్చు.

ఏమైందని అడగనన్నారు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళ క్రితం ఒకరోజు డ్యూటీనుంచి వచ్చి ఉద్యోగం మానేశానన్నాడు మీ తమ్ముడు. ఎందుకంటే "చాలు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఒక్కో గడియా విప్పడం మొదలు పెట్టాడు. స్నానాల గది అయింది, పడకగది అయింది, ఏప్రిల్లో పెరటి తలుపుకొచ్చాడు. నేను ఒంటరిగా ఉండే పూటలుంటాయి వదినగారూ. పిల్లి వస్తే పరవాలేదు. మనిషి వస్తే?

అందుకని ఒక రోజు ఆయన ఊళ్ళో లేనప్పుడు కొత్త గడియ కొనుక్కొచ్చి బిగించాను. తాళం కోసం వెతుకుతుంటే ఆయన ట్రంకు పెట్టెలో, రుమాల్లో చుట్టి, ఒక పాత తాళం దొరికింది. చెవి కూడా ఉంది. నల్లగా మసిబారి ఉంటే బూడిదతో తోమి, నూనె చుక్క వేశాను. ఎంత బాగా పడిందో! ఈ రోజుల్లో అలాంటివి చెయ్యడం లేదు. పెరటి తలుపుకి వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మీ తమ్ముడు వచ్చాడు. తాళం చూశాడు. చేతులు కడుక్కున్నాడు. కంచం ముందు కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మళ్ళీ చేతులు కడుక్కున్నాడు, కడుగుతూనే ఉన్నాడు. మర్నాటినుంచి నాతో మాటల్లేవు. మీ ఫోన్ వచ్చిన రోజు సంచీ సర్దుకుని "అక్క దగ్గర పని ఉందిట" అని వెళ్ళిపోయాడు. ఒక తాళానికి ఇంత కోపమా? ఇరవై రెండేళ్ళ కాపురానికి విలువ ఒక తాళం పాటి లేదా?

నన్ను అడిగానన్నాడా? ఏమని అడిగాడు? మాటలు యథాతథంగా రాయండి.

మీ మరదలు


జూలై 5

మరదలికి,

ఉత్తరం అందింది. మాటలు యథాతథంగా రాయమన్నావు. "అది కులాసాయేనా, వేళకి తింటోందా" అన్నాడు.

తాళం సంగతి చదివాను. వాడు చిన్నప్పటినుంచీ అంతే, వాడి వస్తువు ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వు వాడి పెట్టెలో చెయ్యి పెట్టకుండా ఉంటే బాగుండేది. నా మాట కటువుగా ఉంటే మన్నించు, అక్కని కాబట్టి అన్నాను.

ఇక్కడ సంగతి ఒక కొలిక్కి వచ్చినట్టే ఉంది. పద్నాలుగో తాళం గొడవ హెడ్మాస్టరమ్మ దాకా వెళ్ళింది. ఆవిడ న్యాయమైన మనిషి. టైంటేబుల్ వేసింది. సోమ, బుధ, శుక్రవారాలు హాలు తలుపు మూసి ఉండాలి. మంగళ, గురువారాలు తీసి ఉండాలి. శనివారం ఒంటిపూట కాబట్టి సగం తీసి ఉండాలి. ఆ కాగితమూ నేనే అంటించాను. సైనికుడు నిలబడి మొత్తం చదివి, "దొంగలకి ఒక కాపీ పంపించారా అమ్మా?" అన్నాడు. తమ్ముడు చదివి, "మంటలక్కూడా చెప్పండి, మంగళవారమే అంటుకోమని" అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఒకరి మొహం ఒకరు చూసుకుని చెరోవైపు వెళ్ళిపోయారు.

సైనికుడి గురించి చెప్పాలి. ఆయన ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి ఆనాలి. పొద్దున గేటులో పిల్లల్ని లెక్కపెడతాడు, సాయంత్రం మళ్ళీ లెక్కపెడతాడు. మూడువందల పన్నెండు లోపలికి, మూడువందల పన్నెండు బయటికి. జ్వరం వచ్చి మధ్యలో ఇంటికెళ్ళిన పిల్లని రాసిపెట్టుకుంటాడు. ఒకరోజు లెక్కలో ఒకరు ఎక్కువొచ్చారు. చూస్తే అక్కతో పాటు సరదాగా వచ్చి పొద్దంతా ఒకటో తరగతిలో కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల. దాన్ని పేరు, వచ్చిన వేళ రాయించుకుని మర్యాదగా పంపించాడు.

సంతోషమైన మాట ఒకటి. పది రోజులుగా తమ్ముడు నన్ను పద్నాలుగు అడగడం లేదు. తాళం వేసినా చూస్తూ ఊరుకుంటున్నాడు. ఆ తలుపు పక్కనుంచి వెళ్తున్నప్పుడు మొహం ప్రశాంతంగా కూడా ఉంటోంది. నేను ఈ విషయమై నలభై రోజులు ప్రార్థన చేస్తానని మొక్కుకున్నాను. పదిహేడో రోజుకే ఫలించింది.

ఇంకో సంగతి, వాడు రోజూ సాయంత్రం బడి ఫోన్లోంచి మీ ఊరికి బస్సు ఎన్నింటికని కనుక్కుంటున్నాడు. నీ మీద బెంగ పెట్టుకున్నాడు. నీ గొంతు వినక దిగులుగా ఉందన్నాడు.

ఇట్లు, నీ వదిన


జూలై 12

గౌరవనీయులైన వదినగారికి,

ఆయన పెట్టెలో చెయ్యి పెట్టినందుకు క్షమించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన చొక్కా జేబుల్లో, మంచం కింద, బొత్తాలు తెగిన చోట, జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఎక్కడ పెట్టకూడదో ఒక జాబితా పంపండి. మీరే అంటించిపెడుదురు గాని.

బస్సు సంగతి నాకు కొత్త కాదు. ఇక్కడ ఆ ఫోన్ ఎత్తేది నేనే. "విచారణ" అంటాను. "అక్కణ్ణుంచి వచ్చే అయిదున్నర బస్సు ఉందా?" అంటాడు, నా గొంతు ఎరగనట్టు. "ఉంది" అంటాను, ఆయన గొంతు ఎరగనట్టు. పెట్టేస్తాడు. అదే బస్సు పొద్దున్నే ఇక్కణ్ణుంచి అక్కడికొస్తుంది. నేనెక్కడ అందులో దిగబడతానో అని భయం కాబోలు. భయపడనక్కర్లేదని చెప్పండి.

"గొంతు వినక దిగులుగా ఉంది." మీ తమ్ముడి నోట్లో దిగులు అన్న మాట నేనిన్నేళ్ళలో వినలేదు. ఇల్లు కూలినా "కొంచెం ఇబ్బందయింది" అంటాడు. వదినగారూ, ఈ ఉత్తరాల్లో ఆయన మాటలు ఎవరు రాస్తున్నారు?

ఉద్యోగం నిలబెట్టుకోమనండి. ఇక్కడికి తిరిగొస్తే ఇంటికి ఇంకా మూడు కిటికీ గడియలు మిగిలున్నాయి.

ఇట్లు, మరదలు


జూలై 28

తల్లీ,

ముందు తప్పు ఒప్పుకుంటాను. వాడు ఏమీ అడగలేదు. కులాసా, దిగులు, రెండూ నేను కల్పించినవే. మంచి కోసం చెప్పినా అబద్ధం అబద్ధమే. ఆ సంగతి నేను దేవుడికి వేరే చెప్పుకున్నాను. నీకు కూడా చెప్పాలి కదా.

నా ప్రార్థన కూడా ఫలించలేదు. వాడు పద్నాలుగు ఎందుకు అడగడం లేదో ఈ నెల ఇరవై రెండున తెలిసింది.

ఆ రోజు కమిటీ అధ్యక్షుడు చూడ్డానికొచ్చాడు. బుధవారం కాబట్టి తలుపు మూసి ఉంది. సైనికుడు ఆయన్ని హాల్లోకి తీసుకెళ్ళి తాళం చూపించాడు. అధ్యక్షుడు "గట్టిదేనా?" అని తలుపు మీద చెయ్యి వేసి తోశాడు. తలుపు నిలువునా ఆటస్థలంలో పడిపోయింది. దాని మీద అధ్యక్షుడు. తమ్ముడు కీళ్ళ మరలూ, తాళం పట్టీ మరలూ అన్నీ విప్పేసి, మరల తలలు మాత్రం కోసి యథాస్థానంలో అతికించి ఉంచాడు. తలుపు ఊరికే గుమ్మంలో నిలబెట్టి ఉంది, దాదాపు నెల రోజులుగా. తీసి ఉండాల్సిన రోజుల్లో దాన్ని పక్కకి ఆనించేదీ, మళ్ళీ నిలబెట్టేదీ వాడే. తాళం మాత్రం దాని పట్టీతో సహా గుమ్మానికి వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది.

సైనికుడు దాన్ని పట్టుకుని చూసి, "తాళం చెక్కుచెదరలేదు సార్" అన్నాడు.

అధ్యక్షుడికి మోచెయ్యి బెణికింది. లేచి "ఎవరు చేశారిది?" అని అరిచాడు. తమ్ముడు గేటునుంచి వచ్చి, "నేనే సార్. ఒక్క తోపుకి పడాలని. పడింది" అన్నాడు. సంజాయిషీలో కూడా అదే రాసిచ్చాడు. ఆగస్టు తొమ్మిదిన కమిటీ కూర్చుంటుంది. వాణ్ణి తీసేస్తారనే అందరూ అనుకుంటున్నారు. ఇక్కడ పోతే వాడికింకెక్కడా ఉద్యోగం రాదు. అంతకంటే నా భయం, ఈసారి వాడు నాక్కూడా చెప్పకుండా ఎటో వెళ్ళిపోతాడని.

మొన్న ఆదివారం పొద్దున సైనికుడు మా ఇంటికొచ్చాడు. "నా తాళాన్ని ఓడించినవాడితో మాట్లాడాలమ్మా" అన్నాడు. పాపం, ఆయనకి కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఏ మూల కూర్చున్నా వెనక ఒక తలుపు తెరిచి ఉంది. చివరికి వంటింట్లో బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు. తమ్ముడు గుమ్మంలో కూర్చున్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను. మా ఇంట్లో వినకుండా ఉండటం ఎవరి వల్లా కాదు, నీకు తెలుసు.

ముందు సైనికుడే చెప్పాడు. వాళ్ళ శిబిరంలో ఒకసారి వెనక గేటు ఎవరో తెరిచి మరిచిపోయారట. "పొద్దున మేం పదకొండు మంది టీ తాగాం. అంతకు ముందు రోజు పద్నాలుగు మందిమి" అన్నాడు.

కాసేపటికి తమ్ముడు చెప్పాడు. రెండేళ్ళ క్రితం ఒక బట్టలు కుట్టే కార్ఖానా అంటుకుంది. వెనక తలుపుకి బయటినుంచి తాళం. చెవి ఉన్న మనిషి టీకి వెళ్ళాడు. వీళ్ళు తలుపు బద్దలు కొట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తొమ్మిది మంది ఆ తలుపు వెనకే ఉన్నారు. "తలుపు విరిగింది గాని తాళం విరగలేదు. గుప్పెట్లో పట్టేంత తాళం" అన్నాడు. అంతకు ఆరు నెలల ముందు ఆ కార్ఖానా తనిఖీకి వెళ్ళింది వీడేనట. ఆ రోజు ఆ తలుపు తీసే ఉంది. అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టాడు. అది వాళ్ళు తనిఖీ కోసం తీసి ఉంచారని తర్వాత తెలిసింది. ఆ తాళం, చెవి వాడు తెచ్చి రుమాల్లో చుట్టి పెట్టెలో దాచుకున్నాడు.

నువ్వు బూడిదతో తోమానని రాశావు చూడు, అది.

నీ తప్పేమీ లేదు. నీకు తెలియదు. నాకూ తెలియక నిన్నే అన్నాను. నువ్వు నన్ను మన్నించాలి. వాడు నీ మీద కోపంతో రాలేదు తల్లీ. తన ఇంటి తలుపుకి ఆ తాళం చూడలేక వచ్చాడు. నీకెందుకు చెప్పలేదని సైనికుడు అడిగితే, "పొద్దంతా మైకులో గట్టిగా మాట్లాడి వస్తుంది. ఇంటికొచ్చాక ఇదెందుకు దానికి" అన్నాడు. ఈ మాట నేను కల్పించలేదు.

వదిన


ఆగస్టు 3

వదినా,

మీ ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. చదివి రెండు బస్సులు తప్పు చెప్పాను. ఒక పెళ్ళివారు వేరే ఊరి బస్సెక్కారు.

ఇంటికెళ్ళి ఆ తాళం తీశాను. ఎంత సులువుగా తెరుచుకుందో! నూనె వేసింది నేనే కదా. రుమాలు ఉతికేశాను, అది కూడా ఉతక్కుండా ఉండాల్సిందేమో. చుట్టి పెట్టెలో ఎక్కడిదక్కడ పెట్టాను. మళ్ళీ తీసి, మసి పూయాలా అని ఆలోచించాను. పొయ్యి దగ్గర దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

ఆయన సంతకం పెట్టిన రోజు నాకు గుర్తుంది. పొద్దున్నే పెన్ను కనబడలేదని ఇల్లంతా వెతికించాడు. నా పెన్నే ఇచ్చాను.

నేను బిగించిన గడియ కూడా విప్పేసి, పెరటి తలుపుకి ఇప్పుడు కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నాను.

ఫోన్ రోజూ వస్తోంది. "ఉంది" అంటున్నాను. ఇంకో మాట అనాలనుకుంటాను, వెనక క్యూ ఉంటుంది.

తొమ్మిదో తారీఖున ఏమైందో వెంటనే రాయండి. ఆయన ఎటూ వెళ్ళకుండా చూడండి. సంచీ దాచెయ్యండి.

మీ మరదలు


ఆగస్టు 19

తల్లీ,

సంచీ దాచాను. ఎందుకు దాచావని వాడడగలేదు, నేను చెప్పలేదు.

తొమ్మిదిన హాల్లోనే కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు చేతికి కట్టుతో వచ్చాడు. తలుపు లేదు కాబట్టి గాలి బాగా వచ్చింది. హెడ్మాస్టరమ్మ సంజాయిషీ చదివింది. ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగితే, గోడకి ఆనుకుని నిలబడ్డ సైనికుడు ముందుకొచ్చాడు. వీణ్ణి ఉంచమని ఒక్క ముక్క కూడా అనలేదు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. తలుపు బొమ్మ. బయటి వైపు పిడి లేదు, గడియ లేదు, తాళం కప్ప పెట్టే చోటే లేదు. లోపలి వైపు పిల్లల నడుమెత్తున అడ్డంగా ఒక ఇనప కమ్మీ. దాన్ని తోస్తే చాలు, తెరుచుకుంటుంది. వదిలేస్తే తనే మూసుకుంటుంది. "పెద్ద పెద్ద సినిమా హాళ్ళలో ఉంటాయి సార్. ఆదివారం ఇద్దరం కూర్చుని గీశాం. బయటివాడికి ఇది గోడ, లోపలివాడికి తలుపు. నాక్కావలసింది నాకుంది, అతనిక్కావలసింది అతనికుంది" అన్నాడు.

అధ్యక్షుడు చాలాసేపు ఆ బొమ్మని చూశాడు. "ఇది పడదు కదా?" అని అడిగాడు.

"పడదు సార్" అన్నాడు తమ్ముడు. "నేను బిగిస్తాను."

"నువ్వు బిగించొద్దు" అన్నాడు అధ్యక్షుడు. వెల్డింగ్ అతన్ని పిలిపించి బిగించారు. తమ్ముడు పక్కన నిలబడి ప్రతి మరా చూశాడు. సైనికుడు వాటిని లెక్కపెట్టాడు.

మొన్న శనివారం కమిటీ ముందు పరీక్ష పెట్టారు. గంట కొట్టగానే బడి మొత్తం ఆ తలుపులోంచి ఆటస్థలంలోకి రావాలి. తమ్ముడు గడియారం పట్టుకుని బయట నిలబడ్డాడు. సైనికుడు లెక్క. మొదటిసారి పిల్లలు తోసుకున్నారు, ఒకడు చెప్పు కోసం వెనక్కి వెళ్ళాడు, ఏడో తరగతి వాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. సైనికుడు "మూడువందల పన్నెండు" అన్నాడు. తమ్ముడు గడియారం చూసి, నేల మీద కూర్చుండిపోయాడు. దగ్గరికెళ్ళి చూశాను. నాలుగు నిమిషాల ఆరు సెకండ్లు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకూ సైనికుడికీ తప్ప. ఆయన వచ్చి తమ్ముడి పక్కన నిలబడి, మొహం చూడకుండా, "మళ్ళీ" అన్నాడు. తమ్ముడు లేచాడు. చెప్పుల కోసం ఎవరూ వెనక్కి రాకూడదన్నాడు. చిన్న తరగతులు ముందన్నాడు. నవ్వే ఏడో తరగతి వాళ్ళని తలా ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకోమన్నాడు. నవ్వు ఆగిపోయింది. రెండోసారి మూడు నిమిషాలు. మూడోసారి రెండున్నర. అయిదోసారికి ఒక నిమిషం యాభై సెకండ్లు. "మూడువందల పన్నెండు" అని సైనికుడు అయిదుసార్లు అన్నాడు, ఒక్కసారి కూడా గొంతు మారలేదు. తమ్ముడు గడియారం నా చేతిలో పెట్టి, కొళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాడు. చేతులు కాదు, మొహం.

ఒకటో తరగతి పిల్ల ఒక్కర్తే తోయగలదా అని అధ్యక్షుడు అడిగాడు. అందర్లోకీ చిన్నదాన్ని లోపల నిలబెట్టారు. అది కమ్మీకి వేలాడినంత పని చేసి తోసింది. తలుపు విసురుగా తెరుచుకుని, బయట నిలబడ్డ అధ్యక్షుడి రెండో మోచేతికి తగిలింది. ఆయన మోచెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. తర్వాత, "ఇద్దరినీ ఉంచండి. ఇతన్ని బయటికి పంపితే బయట ఏమేం విప్పుతాడో" అన్నాడు. మినిట్స్ పుస్తకంలో "బడి క్షేమం దృష్ట్యా" అని రాశారు.

తాళం సంగతి అడిగావు. మసి పూయకు. తోమింది తోమినట్టే ఉండనీ. నువ్వు చేతులతో చేసిన పని అది. వాడు చూడాలి.

సంచీ తిరిగి ఇచ్చేశాను.

వదిన


సెప్టెంబర్ 8

వదినా,

శనివారం సాయంత్రం ఫోన్ రాలేదు. అయిదయింది, అయిదున్నరయింది. విచారణ కిటికీలో కూర్చుని నేనే ఎవరినైనా విచారించాలనిపించింది. ఎనిమిదింటికి కిటికీ ముందుకి ఎవరో వచ్చారు. తలెత్తకుండానే "ఎక్కడికండీ?" అన్నాను. "అయిదున్నర బస్సు ఉంది" అన్నాడు మీ తమ్ముడు.

రోజూ అడిగింది ఆయన ఎక్కడానికట వదినా! నేను దిగబడతానని కాదట. "ఉంది అంటావు గాని రా అనవేం?" అన్నాడు. "మైకులో అనమంటారా?" అన్నాను.

ఇంటికొచ్చి కుర్చీ చూశాడు. కుర్చీ తీసి కూర్చున్నాడు. నేనే పెట్టె తెచ్చి ముందు పెట్టాను. రుమాలు విప్పి చాలాసేపు చూశాడు.

"తోమావా?"

"బూడిదతో."

"బాగా తోమావు" అన్నాడు.

అప్పుడు ఆ తొమ్మిది మంది పేర్లూ చెప్పాడు. అన్నీ వరసగా, ఎవరు ఎవరి పక్కన కూర్చునేవారో కూడా. నేను విన్నాను. పొద్దంతా ఊళ్ళ పేర్లు చదివేదాన్ని, పేర్లు నాకు కష్టం కాదనుకున్నాను.

ఆదివారం పెరటి తలుపుకి ఆయనే గడియ బిగించాడు. తాళం అక్కర్లేదు, లోపలినుంచి వేలితో తీయొచ్చు, బయటినుంచి మాత్రం రాదు. పాత తాళం ఆయన తీసుకెళ్ళాడు. ఎక్కడ పెట్టాడో చూసి రాయండి. ఇకనుంచి ప్రతి శనివారం వస్తానన్నాడు. ఈ మాట మీరు కల్పించలేదు, నేనూ కల్పించడం లేదు.

మీ మరదలు


సెప్టెంబర్ 20

తల్లీ,

తాళం నా బోర్డు మీదే ఉంది. పద్నాలుగో మేకు ఖాళీ అయింది కదా, దానికి తగిలించాడు. ఇది ఏ తలుపుదని పిల్లలు అడుగుతారు. "దానికి తలుపు లేదు" అంటాడు సైనికుడు. సాయంత్రం తాళాలన్నీ లెక్కపెట్టేటప్పుడు దాన్ని కూడా లెక్కపెడతాడు. తమ్ముడు పొద్దున్నే వచ్చినప్పుడు ఒకసారి చూస్తాడు, తర్వాత గేటుకి వెళ్తాడు.

ఇంట్లో మార్పు వచ్చింది. వీధి తలుపు ఇప్పుడు ఓరగా వేస్తున్నాడు. దీపం ఆర్పడం మానేశాడు. నేను వంటింట్లోకి వెళ్తే పటం ముందు పీట వేసుకుని దీపానికి కాపలా కూర్చుంటున్నాడు. ప్రార్థన చేస్తున్నాడేమోనని ఆశపడి తొంగి చూశాను. పేపరు చదువుతున్నాడు. దేవుడు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడనుకుంటాను.

నిన్న స్నానాల గదికి కొత్త గడియ బిగించాడు. అవసరమైతే బయటినుంచి చెంచాతో తిప్పి తీయొచ్చట. ఆ చెంచా ఎక్కడుందో ముగ్గురికి తెలిసి ఉండాలన్నాడు. నేను, వాడు, సైనికుడు. సరే అన్నాను.

ఈ పొద్దున నాలుగు నెలల తర్వాత మొదటిసారి గడియ వేసుకుని, నోరు మూసుకుని స్నానం చేశాను. ఎంత హాయిగా ఉందో నీకు వేరే చెప్పాలా? రెండు చెంబులు పోసుకున్నానో లేదో, తలుపు మీద దబదబా చప్పుడు.

"అక్కా! పాట ఆగిపోయిందేం?"

"గడియ ఉందిగా నాయనా, ఇంకెందుకు?" అన్నాను.

వాడు తలుపు తీయలేదు. వెళ్ళనూ లేదు. తలుపవతల నిలబడి ఉన్నాడని ఊపిరిని బట్టి తెలుస్తోంది. చెంచా చేతిలోనే ఉండి ఉంటుంది. నేను మళ్ళీ పాట అందుకున్నాను. రెండో చరణానికి అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళింది. కాబట్టి ఇకమీదట కూడా పాడుతూనే ఉంటాను.

నాకిప్పుడు ఫోన్లో మాట్లాడటానికి చోటు ఉంది గనక ఉత్తరాలు ఇంతటితో ఆపుతాను. ఈ కాగితాలు పారెయ్యకు, దాచిపెట్టు. వాడికి చూపించకు. వాడు నోటితో చెప్పాల్సినవి నేను చేత్తో రాశాను, కొన్ని కల్పించాను కూడా. ట్రంకు పెట్టెలో మాత్రం పెట్టకు, శనివారాలు వాడు వస్తాడు. బియ్యం డబ్బాలో అడుగున పెట్టు. దానికి మూతే గాని గడియ లేదు, వాడి చూపు అటు పోదు.

నీ వదిన